మూడింటికి ఆగిపోయే కెమెరా

మా ఆవిడ నవ్వు మీద నాకు కుళ్ళు. యాభై దాటాక ఈ మాట రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం ఇదే. ఆవిడ నవ్వితే నాకేం బాధ లేదు. నా దగ్గర తప్ప అందరి దగ్గరా నవ్వుతుందే, అదిగో, అది నాకు కడుపుమంట.

నాకు నకరికల్లులో ఎరువుల కొట్టు ఉంది. ఇల్లు నరసరావుపేటలో, ఊరి చివర కొత్తగా పడ్డ వీధిలో. పొద్దున ఎనిమిదికి బండెక్కితే మళ్ళీ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. కూతురికి పెళ్ళయి మాచర్ల వెళ్ళిపోయాక ఇంట్లో మేమిద్దరమే. రాత్రి అన్నం పెడుతూ ఆవిడ మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "పప్పు ఇంకాస్త వెయ్యనా?" "పెరుగా, మజ్జిగా?" "మోటరు ఆపారా?" అంతే. నేనూ తక్కువేం కాదు. పొద్దస్తమానం కొట్లో అరిచి అరిచి ఇంటికొచ్చాక నోరు తెరవడానికి బద్ధకం. అందరిళ్ళలోనూ ఇంతే కదా అనుకుంటూ పాతికేళ్ళు లాగించేశాను.

పోయినేడు మిరపకాయల రోజుల్లో ఒక మధ్యాహ్నం కొట్లో సరుకు లేక షట్టరు దించేసి ముందే ఇంటికొచ్చాను. వీధి మలుపు తిరుగుతుండగానే ఒక నవ్వు వినపడింది. ఆపుకోలేక, ఊపిరి అందక, మధ్యలో "అమ్మో, ఇంక చాలమ్మా" అంటూ నవ్వే నవ్వు. ఎవరో కానీ ఎంత బాగా నవ్వుతోంది అనుకున్నాను. గేటు దాకా వచ్చాక తెలిసింది, ఆ నవ్వేది మా ఆవిడేనని.

మా వీధి ఆడవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి ప్రతి ఇంట్లోనూ ఎండుమిరపకాయలు తెచ్చుకుంటారు. వాటికి తొడిమలు తీయాలి, మా వైపు ముచ్చికలంటాం. ఒక్కరే కూర్చుంటే వారం పట్టే పని. అందుకని అందరూ ఒకచోట చేరి వంతుల వారీగా ఒక్కో ఇంటి బస్తా ఖాళీ చేస్తారు. మా వరండా పెద్దది, తూర్పు ముఖం కాబట్టి మధ్యాహ్నానికి నీడొస్తుంది, పైన ఫ్యాను కూడా ఉంది. కాబట్టి ఎవరి బస్తా అయినా మా వరండాకే వస్తుంది. మూడింటికి మొదలుపెడితే నాలుగున్నర దాకా తీస్తారు. ఇల్లు ఇచ్చినవాళ్ళ బస్తా ఆఖర్న. అదీ మర్యాద.

నేను గేటు తీశాను. నవ్వు ఆగిపోయింది. ఆరుగురు ఆడవాళ్ళు పైటలు సర్దుకున్నారు. మా ఆవిడ లేచి నిలబడి, "ఏంది ఇప్పుడొచ్చారు? ఒంట్లో బాగలేదా?" అంది. ఆ మాట అనేటప్పటికి మొహం మీద నవ్వు ఇంకా కాస్త మిగిలే ఉంది. నేను చెప్పులు విడిచి తల ఎత్తేలోగా అదీ పోయింది. ఇంకో నిమిషంలో అందరూ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయారు.

రాత్రి అన్నం దగ్గర అడిగాను. "మధ్యాహ్నం దేనికే అంత నవ్వు?"

"ఏం లేదులే," అంది.

ఆ 'ఏం లేదులే' నన్ను తినేసింది. పక్కింటి పిన్నికి చెప్పే మాట, ఎదురింటి రిటైరైన టీచరమ్మకు చెప్పే మాట, నాకు చెప్పకూడనిదేముంటుంది? కట్టుకున్నవాణ్ణి నేనా, వాళ్ళా? పిన్ని అంటే మాకు చుట్టమేం కాదు, పక్కింటి పెద్దావిడ. వీధి మొత్తానికి పిన్నే. ఆమెను చూస్తే ఆ రోజు నుంచీ నాకు ఒళ్ళు మంట.

సరిగ్గా అప్పుడే పక్క వీధిలో ఎవరివో మిరపకాయల బస్తాలు రెండు పోయాయి. దొంగల పుణ్యమా అని నాకొక సాకు దొరికింది. ఆన్‌లైన్‌లో కెమెరా తెప్పించాను. గుండ్రటి తల, తెల్లటి ఒళ్ళు, కొట్లో కూర్చుని ఫోన్లో ఇల్లు చూసుకోవచ్చు, మాటలు వినొచ్చు, మనం కూడా మాట్లాడొచ్చు. "దొంగల కోసం," అన్నాను మా ఆవిడతో. "మంచిదే గదా," అంది. పాపం, నమ్మింది.

బిగించడం నేనే బిగించాను. వేరేవాణ్ణి పిలిస్తే కెమెరా వరండా వైపు ఎందుకు, గేటు వైపు కదా పెట్టాలి అంటాడని భయం. మొదటి రోజంతా అది వైఫైకి దొరకలేదు. ఫోన్లో వచ్చిన గళ్ళబొమ్మను దాని కంటికి చూపించమంది, చూపించాను. టింగుమంది. తర్వాత 'కనెక్ట్ కాలేదు' అంది. పాస్‌వర్డ్ తప్పేమోనని ఒకటికి పదిసార్లు కొట్టాను. చివరికి తేలిందేమిటంటే, మా రౌటరు రెండు పేర్లతో సిగ్నల్ ఇస్తోంది. చివర ఐదు అని ఉన్నది దూకుడు, రెండోది నిదానం. నా ఫోను దూకుడుదాన్ని పట్టుకుంది, కెమెరాకేమో ఆ నిదానందే కావాలి. ఫోనును కూడా నిదానందానికి మార్చాక ఒక్క క్షణంలో కలిసింది.

కెమెరా పెట్టానో లేదో, దిష్టి భయం పట్టుకుంది. వీధిలో ఎవరికీ లేనిది మాకుంది, కళ్ళు పడవా మరి? నల్లతాడుకు పటిక ముక్క కట్టి, దాని కింద నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు గుచ్చి కెమెరా పక్కనే వేలాడదీశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, "దిష్టి పెట్టే కళ్ళెవరివో నాకు తెల్సులే," అని లోపలికి పోయింది. నాకు అర్థం కాలేదు, లేదా అర్థం కానట్టు ఊరుకున్నాను.

మర్నాడు కొట్లో ఫోను ఒకటే మోత. 'కదలిక కనిపించింది', 'కదలిక కనిపించింది'. తీసి చూస్తే మిరపకాయల దండ గాలికి ఊగుతోంది. చీకటి పడితే బొమ్మంతా తెల్లగా, పాలు ఒలికినట్టు. కెమెరా పాడైందని కంపెనీకి ఫోన్ చేస్తే అటువైపు అమ్మాయి ఎంతో ఓపికగా, "సార్, కెమెరాకు దగ్గరగా తెల్లటి వస్తువేమన్నా ఉందా? రాత్రిపూట కెమెరా వేసే వెలుతురు దాని మీద పడి తిరిగి దాని కంట్లోనే పడుతుంది," అంది. పటిక. దిష్టి తగలకూడదని కట్టిన పటికే దాని కన్ను పొడిచింది. తీసి గేటుకు కట్టాను.

ఇక మూడో రోజు నుంచి నా బతుకు ఫోన్లోకి వచ్చి పడింది. మూడు కాగానే కౌంటరు మీద ఫోను నిలబెట్టి, ఒక చెవికి వైరు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. వరండాలో ఎర్రగా కాయల రాశి, చుట్టూ ఆడవాళ్ళు, మధ్యలో మా ఆవిడ. ఫ్యాను మైకుకు దగ్గరగా ఉండటం వల్ల మాటలు హోరులో కలిసిపోయేవి. నవ్వు మాత్రం వినపడేది. దేనికి నవ్వుతున్నారో తెలియదు, నవ్వడం మాత్రం తెలుసు. ఇంతకంటే నరకం ఉందా? మా ఆవిడ చేతులు తిప్పుతూ ఏదో చెప్పేది, పిన్ని తొడ మీద చరుచుకునేది, టీచరమ్మ పక్కకు ఒరిగిపోయేది. నాకు ఆ చేతులు తిప్పడం కూడా తెలియదు. పాతికేళ్ళలో నా ముందు ఒక్కసారి కూడా ఆవిడ చేతులు తిప్పుతూ మాట్లాడలేదు. ఒక రైతు పురుగుమందు అడిగితే కలుపుమందు చేతికిచ్చాను. ఆయన చూసుకుని, "ఏందన్నా, నా పైరు మీద నీకేం పగ?" అన్నాడు. 

పగ పైరు మీద కాదు. ఎవరి మీదో నాకే తెలియదు. పిన్ని మీద అనుకుంటే టీచరమ్మ మీద, టీచరమ్మ అనుకుంటే గేటు దగ్గరకొచ్చి ఆవిణ్ణి నవ్వించి పోయే కూరలామె మీద. ఆ నవ్వు నాక్కావాలి. నాకు ఒక్కసారి, నా ఎదురుగా. అడుక్కుంటే ఇచ్చేది కాదు కదా అది.

ఒక రోజు ఉండబట్టలేకపోయాను. నవ్వు మరీ ఎక్కువైంది. ఫోన్లో మైకు బొమ్మ నొక్కి, "ఏమే, గేటు వేశావా?" అని అరిచాను. వరండాలో బాంబు పడినట్టయింది. టీచరమ్మ ఒళ్ళో కాయలన్నీ కింద పడ్డాయి. పిన్ని గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఓరి నీ ఇల్లు బంగారం గానూ, యాడున్నాడే వీడు?" అంది. మా ఆవిడ లేచి కెమెరా వంక చూసింది. ఆ చూపు ఫోన్లో చిన్నగా కనిపించింది కానీ, నాకు మాత్రం చానా దగ్గరగా తగిలింది. గేటు వేసే ఉందని నాకూ తెలుసు. 

ఆ మర్నాటి నుంచే కెమెరాకు జబ్బు చేసింది. రోజూ సరిగ్గా మూడింటికి 'ఆఫ్‌లైన్' అని వచ్చేది. నాలుగున్నర దాటాక తనంతట తానే బతికేది. బుర్ర ఉన్నవాడికెవడికైనా ఆ రోజే తెలిసిపోయేది. నేను మాత్రం నెట్‌వర్కును తిట్టాను.

ముందు కరెంటు కోతేమోనని సబ్‌స్టేషనుకు ఫోన్ చేశాను. "మీ వీధిలో కోత లేదు," అన్నారు. రౌటరు ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేశాను. హాల్లో మూల ఉన్న రౌటరును కిటికీ దగ్గరకు తెచ్చాను, మధ్యలో గోడలు అడ్డమేమోనని. పాస్‌వర్డ్ మార్చాను, ఇరుగుపొరుగు వాడేసుకుంటున్నారేమోనని. అది మార్చాక కెమెరా నన్నే గుర్తుపట్టడం మానేసింది. మళ్ళీ మొదటి నుంచి గళ్ళబొమ్మ చూపించి కలుపుకున్నాను. మెమరీ కార్డు నిండిందేమోనని అందులోవన్నీ తుడిచేసి పెట్టాను. కార్డు నిండితే ఆగదట, పాతవాటిని తుడిచేసి కొత్తవి రాసుకుంటూ పోతుందట. ఆ సంగతి అప్పుడు విని వదిలేశాను. తర్వాత, పల్నాడు ఎండకు మనుషులే ఆగిపోతున్నారు, ఇదెంత అనుకుని ఐస్‌క్రీం డబ్బా మూత కోసి కెమెరాకు టోపీ పెట్టాను. టోపీ పెట్టుకుని మరీ మూడింటికి ఆగింది.

రాత్రి పడుకోబోతూ అడిగేవాణ్ణి, "మధ్యాహ్నం ఇంట్లో కరెంటు పోతోందా?"

"ఏమో, నేను చూళ్ళేదు," అనేది.

చివరికి ఇంటర్నెట్ ఆయన్ను పిలిపించాను. నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. రౌటరులోకి పోయి ఏదో చిట్టా తీశాడు. వేలు పెట్టి చూపించాడు.

"అన్నా, నెట్టు ఒక్క నిమిషం కూడా ఆగలా. టీవీ నడిచింది, వదిన ఫోను నడిచింది. కెమెరా ఒక్కటే పోయింది. అదీ రోజూ మూడింటికి పోయి, నాలుగున్నరకి వచ్చింది."

"అంటే?"

"అంటే జబ్బు కెమెరాకి గాదు, నెట్టుకీ గాదు." ఆయన వరండాలోకి వచ్చి కింద ప్లగ్గు చూశాడు. చేతికి అందే ఎత్తులో ఉంది. సరిగ్గా అప్పుడే మా ఆవిడ టీ తెచ్చింది. ఆయన టీ తీసుకుని, ఆవిడ వంక చూడకుండా నా వంక కూడా చూడకుండా, "ఇంకేమన్నా ఉంటే ఫోన్ చెయ్ అన్నా," అని గబగబా తాగేసి వెళ్ళిపోయాడు.

అప్పుడు అడగాలి. "ఎందుకే పీకేస్తున్నావ్?" అని ఒక్క మాట. దానికి ఆవిడ దగ్గర జవాబు ఉండేది, ఇద్దరం నాలుగు మాటలు అనుకునేవాళ్ళం. నేను అడగలేదు. నా కడుపులో మంటకు మాటలు సరిపోవనిపించింది. నేను వినకూడని నవ్వు ఒకటి ఉందని, దాని కోసం నా కన్ను మూసేస్తున్నారని, రోజూ మూడింటికి నన్ను నా ఇంట్లోంచి బయటికి గెంటేస్తున్నారని, ఇవే ఆలోచనలు.

ఆదివారం పూట నిచ్చెన వేసుకుని పని మొదలుపెట్టాను. ప్లగ్గు తీసేసి, వైరును గోడకు బెజ్జం చేసి లోపలికి లాగి, నేరుగా ఇన్వర్టరుకు కలిపాను. కరెంటు పోయినా ఆగకూడదు కదా. కలిపిన చోట ప్లాస్టిక్ పెట్టె పెట్టి, దాని చుట్టూ గమ్ము కొట్టి మూసేశాను. చాకుతో కోస్తే తప్ప రాదు. మా ఆవిడ బియ్యం చాటతో గుమ్మంలో కూర్చుని అంతా చూసింది. మా ఆవిడ నన్ను 'మీరు' అంటుంది. కోపం నెత్తికెక్కితే మాత్రం 'నువ్వు'లోకి దిగుతుంది. పెళ్ళయ్యాక మూడో నాలుగో సార్లు దిగింది.

"బిగించుకో," అంది. "బాగా బిగించుకో నువ్వు."

ఆ రోజు నుంచి కెమెరా ఒక్క క్షణం ఆగలేదు. అద్దంలా బొమ్మ. కిటికీ దగ్గర రౌటరు, నిదానం సిగ్నలు, టోపీ, ఇన్వర్టరు, అన్నీ కుదిరాయి. మూడింటికి ఫోను తీశాను. వరండాలో ఎవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది. మూలన మా బస్తా ఒక్కటి, మూతి కట్టి, గోడకు ఆనుకుని ఉంది. మర్నాడూ అంతే. అందరి కాయలూ అయిపోయి మా వంతు వచ్చేసరికి ఒక్కరూ రాలేదు. నాలుగో రోజు మా ఆవిడ ఒక్కతే పీట వేసుకుని కూర్చుంది. చాటలో కాసిని కాయలు పోసుకుని ముచ్చికలు తీసింది. మాట లేదు, పాట లేదు. గంటకు చాటెడు కూడా కాలేదు. ఫ్యాను హోరు తప్ప నా చెవిలో ఏమీ లేదు.

ఒకసారి ఆవిడ గేటు తీసి బయటికి అడుగు పెట్టింది. ఫోను మోగింది, 'మనిషి కనిపించాడు' అని. వెంటనే ఫోన్ చేశాను. "యాడికి పోతున్నావ్?" అని. "యాడికీ లేదు," అని లోపలికి వచ్చేసింది. మళ్ళీ ఆ వారమంతా ఆవిడ గేటు దాటలేదు. నాకు సంతోషం కలగాలి కదా. ఎవరింటికీ పోవడం లేదు, ఎవరూ రావడం లేదు, ఎవరితోనూ నవ్వడం లేదు. కుళ్ళుకోవడానికి ఏమీ మిగల్లేదు. అయినా అన్నం సహించేది కాదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. తీస్తే, గేటు లోపల పిన్ని. వెనక టీచరమ్మ. పిన్ని సరాసరి వచ్చి బస్తా మూతి పట్టుకుంది. మా ఆవిడ గుమ్మంలోంచి, "వద్దు పిన్నీ," అంటోంది. పిన్ని లెక్కచేయలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని తల పైకెత్తి, కెమెరా వంక, అంటే కొట్లో కూర్చున్న నా వంక చూసి, ఫ్యాను హోరును మించిన గొంతుతో అందుకుంది.

"ఏం అబ్బాయ్, వింటున్నావు గదా? నువ్వు మాట్లాడమాక, నువ్వు మాట్లాడితే నాకు బీపీ లేస్తది. మీ ఆవిడ మా అందరి కాయలకీ ముచ్చికలు తీసింది. తనదొక్కటే మిగిలిపోయింది. చేయించుకుని ఊరకుండే మనుషులం గాదు మేము. అందుకని బస్తా మా ఇంటికి తీసకపోతున్నా. నీ పెట్టె ముందు కూర్చోడం మావల్ల గాదు. దొంగలెత్తకపోయారని పోలీసులకు జెప్పమాక." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఇంకో మాట. అన్నీ అందులో ఉంటయ్యంట గదా. మీ ఆవిడ నవ్వి ఎన్నాళ్ళయిందో తీసి చూసుకో."

ఇద్దరూ బస్తా చెరో వైపు పట్టుకుని వెళ్ళిపోయారు. "నువ్వూ రావే," అంది పిన్ని గేటు దగ్గర. మా ఆవిడ తల అడ్డంగా ఊపి, ఒకసారి కెమెరా వంక చూసి, లోపలికి వెళ్ళిపోయింది. మా ఇంటి కారానికి మా ఇంట్లో చోటు లేకుండా పోయింది.

కొట్లో రైతులను కూర్చోమని చెప్పి, ఫోన్లో పాతవి తీశాను. ఎందుకు చూసుకోనూ? నవ్వినవన్నీ ఉన్నాయి కదా, మొదటి రోజులవి. ఆ చేతులు తిప్పడం, ఆ పక్కకు ఒరిగిపోవడం. కనీసం అవైనా నావి. వేలితో వెనక్కి జరుపుతూ పోయాను. నిన్న, ఖాళీ వరండా. మొన్న, ఖాళీ వరండా. ఆవిడ ఒక్కతే, చాట. ఖాళీ. ఖాళీ. తొమ్మిది రోజులు వెనక్కి వెళ్ళాక ఇంక జరగలేదు. అక్కడితో అయిపోయింది. మొదట అర్థం కాలేదు. ఫోను ఆపి మళ్ళీ వేశాను. తర్వాత గుర్తొచ్చింది, కార్డు నిండితే పాతవి తుడిచేసి కొత్తవి రాసుకుంటుందని. నేనే కార్డు తుడిచాను, నేనే ఒక్క క్షణం ఆగకుండా నడిచేటట్టు చేశాను. ఆవిడ నవ్వులన్నీ చెరిపేసి వాటి మీద ఖాళీ వరండా రాసుకున్నాను. కౌంటరు మీద తల పెట్టుకున్నాను. "ఏందన్నా, ఎండదెబ్బా?" అన్నాడొక రైతు. అవునన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే చాకు తీసుకుని నిచ్చెన ఎక్కాను. గమ్ము కోశాను, పెట్టె ఊడదీశాను, వైరు మళ్ళీ బయటికి లాగి, ప్లగ్గు పాత చోటనే, చేతికి అందే ఎత్తులో పెట్టాను. మా ఆవిడ వచ్చి చూసింది.

"ఏంది, మళ్ళీ చెడిపోయిందా?"

"ఆఁ," అన్నాను. "ఇంక బాగవదంట."

నేను నిచ్చెన దిగేటప్పుడు ఆవిడ కింద పట్టుకుంది.

మూడు రోజులు ఏమీ జరగలేదు. కెమెరా చక్కగా నడిచింది, వరండా ఖాళీగానే ఉంది. మూడింటికి ఫోను తీసి, అది ఆగిపోతే బాగుండునని ఎదురుచూసే పిచ్చివాడు ఎవడన్నా ఉంటాడా? ఉన్నాను. నాలుగో రోజు మూడుంపావుకు మోగింది. 'కెమెరా ఆఫ్‌లైన్'. నేను లేచి నిలబడి, దుకాణంలో ఉన్నవాళ్ళందరికీ సోడాలు తెప్పించాను. ఎందుకో వాళ్ళకు తెలియదు.

అయితే కుళ్ళు పోయిందా? అబ్బే. మూడున్నరకల్లా మళ్ళీ మొదలైంది. ఇప్పుడు నవ్వుతూ ఉంటుంది, ఇప్పుడు చేతులు తిప్పుతూ ఉంటుంది, దేనికో? షట్టరు దించేసి బండెక్కాను. వీధి మలుపులోనే ఇంజను ఆపేసి, బండి తోసుకుంటూ వచ్చి, మా ప్రహరీ పక్కన నిలబడ్డాను. గేటు సందులోంచి చూస్తే మా బస్తా మళ్ళీ వరండాలోకి వచ్చి ఉంది. లోపలికి పోలేదు. పోతే ఆగిపోతుందని తెలుసు.

ఫ్యాను హోరు లేకుండా మొదటిసారి మాటలు వినపడ్డాయి. మా ఆవిడ గొంతు. కానీ ఆవిడ గొంతు కాదు, మొద్దుగా, బరువుగా, నాలా.

"ఏమే! గేటు వేశావా!"

వరండా గొల్లుమంది.

"ఇంకోసారి చెయ్యవే, ఇంకోసారి," అంటోంది పిన్ని.

"ఉండు పిన్నీ. కెమెరాకి టోపీ పెట్టి, నిచ్చెన మీద నిలబడి అట్టే చూసుకుంటున్నాడమ్మా, మనవడు పుట్టినట్టు. నేనేమో కింద బియ్యం ఏరుకుంటున్నా. ఒసేయ్, టోపీ వంకరగా ఉందా అని అడిగాడు. ఉందండీ అన్నా. సరిచేశాడు. ఇప్పుడో అన్నాడు. ఇప్పుడు ఇంకా అందంగా ఉన్నాడండీ అన్నా."

అదంతా నిజమే. అడిగాను, ఆవిడ అట్లాగే చెప్పింది, నేను తల ఊపాను కూడా. లోపల టీచరమ్మ ఊపిరి అందక దగ్గుతోంది. మా ఆవిడ నవ్వుతోంది, ఆ నవ్వే, వీధి మలుపులో విన్నది. ఇన్నాళ్ళూ ఎవడి మీద కుళ్ళుకున్నానో వాడు నేనే. ఆ వరండాలో రోజూ మూడింటికి నేను ఉన్నాను. పైటచెంగులాగా చొక్కా చెంగు నోట్లో కుక్కుకుని, గోడకు ఆనుకుని నవ్వాను.

వాళ్ళు వెళ్ళిపోయే దాకా వీధి చివర తిరిగి, మామూలు వేళకు ఇంటికొచ్చాను. ఆవిడ అన్నం పెట్టింది. పప్పు వేసింది. "ఇంకాస్త వెయ్యనా?" అంది. నేను కంచంలోంచి తల ఎత్తి, మొద్దుగా, బరువుగా, కెమెరాలోంచి వచ్చినట్టు అరిచాను.

"ఏమే! గేటు వేశావా!"

గరిటె గాల్లో ఆగిపోయింది. ఆవిడ మొహం పాలిపోయింది. "విన్నారా?" అంది, చానా చిన్నగా.

"టోపీ వంకరగా ఉందా?" అన్నాను తల మీద చెయ్యి పెట్టుకుని.

ఒక్క క్షణం నన్నే చూసింది. తర్వాత పెదవి ఒక పక్క కదిలింది. ఆపుకోబోయింది, కాలేదు. గరిటె పట్టుకుని గోడకు ఆనుకుని, జారి కింద కూర్చుని, "అమ్మో, ఇంక చాలండీ," అంటూ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నా ఎదురుగా. నాకోసం.

పక్కింట్లో పిన్ని ఇంకా పడుకుని ఉండదు, దీపం వెలుగుతోంది. ఆమె కూడా కాస్త కుళ్ళుకోవాలి కదా. ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళి, అటువైపు కిటికీ తలుపు తీసి పెట్టాను.